పాప్-అప్ హెడ్‌లైట్లను చంపింది పాదచారుల చట్టం కాదు

కార్ల పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట చేరి పాప్-అప్ హెడ్‌లైట్ల మాట ఎత్తితే, కాసేపటికే ఎవరో ఒకరు అనే మాట ఇది: "వాటిని బ్యాన్ చేశారు కదా. రోడ్డు మీద నడిచేవాళ్లకు తగిలితే ప్రమాదమని చట్టం తెచ్చారు, అందుకే పోయాయి." వినడానికి సబబుగానే ఉంటుంది. బానెట్ మీద పైకి లేచి నిలబడ్డ గట్టి పెట్టెకు మనిషి తల తగిలితే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. కానీ ఈ కథలో తేదీలు కలవవు. ఆ దీపాలకు గిరాకీ తెచ్చింది ఒక చట్టం. ఆ చట్టాన్ని సడలించడంతోనే వాటికి కాలం చెల్లింది. ఈ రెండూ తెలియకపోతే, ఇవాళ కార్ల ముఖాలు ఎందుకిలా తయారయ్యాయో, ఒక హెడ్‌లైట్ పగిలితే జేబు ఎందుకు ఖాళీ అవుతోందో కూడా అర్థం కాదు. అందుకే దీని మీద నాకింత పట్టుదల.

మన దేశంలో పెద్ద ఎత్తున అమ్ముడైన ఏ కారుకూ ఇవి లేవు కాబట్టి, చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ కార్లకు పగలు ముందువైపు దీపాలే కనిపించవు. బానెట్ చివరిదాకా నున్నగా, ఒకే వాలుగా దిగిపోతుంది. రాత్రి స్విచ్ వేస్తే బానెట్‌లో కలిసిపోయిన రెండు మూతలు లేస్తాయి, వాటితో పాటే దీపాలు. కొన్ని కార్లలో దీపాలు గ్రిల్ వెనక ఉండి, గ్రిల్ పలకలే తలుపుల్లా తెరుచుకుంటాయి. ఇంకొన్నిట్లో దీపం గుండ్రంగా దొర్లుతూ బయటికి వస్తుంది. పోస్టర్లలో, వీడియో గేముల్లో తప్ప వీటిని ఎరగని తరం మనది. నేను కూడా మొదటిసారి నిజంగా చూసింది అమెరికా వచ్చాకే. ఉద్యోగం మిషిగన్‌లో కావడం ఈ విషయంలో నా అదృష్టం. ఏటా ఆగస్టులో ఇక్కడ ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌లో ఒక్క సాయంత్రం నిలబడితే చాలు, ఈ చరిత్రంతా కళ్లముందు నుంచే వరసగా వెళ్తుంది.

చరిత్ర మొదలయ్యేది మాత్రం పక్క రాష్ట్రంలో. ఇండియానాలోని ఆబర్న్ అనే చిన్న ఊళ్లో ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ మ్యూజియం ఉంది. ఒకప్పుడు ఆబర్న్ కార్ల కంపెనీ ఆఫీసు, షోరూమ్ ఉన్న భవనమే ఇప్పుడు మ్యూజియం. అక్కడున్న కార్డ్ 810 అనే కారును చూడటానికి మాత్రమే వెళ్లినా ప్రయాణం గిట్టుబాటే. 1935 నవంబరులో న్యూయార్క్ ఆటో షోలో దీన్ని మొదట చూపించారు. డిజైనర్ గోర్డన్ బ్యూరిగ్. ఆ రోజుల్లో హెడ్‌లైట్ అంటే మడ్‌గార్డ్ మీదో, గ్రిల్ పక్కనో విడిగా నిలబెట్టిన పెద్ద గిన్నె. బ్యూరిగ్ ఆ గిన్నెలను తీసేసి దీపాలను మడ్‌గార్డ్ల లోపలికి దించేశాడు. యజమాని ఇ.ఎల్. కార్డ్ చేతిలో స్టిన్సన్ విమానాల కంపెనీ కూడా ఉండేది. విమానం నేల మీద దిగేటప్పుడు వాడే దీపాలను అక్కణ్ణుంచి తెచ్చి ఈ కారుకు అమర్చారు.

తాకనివ్వరు గాని, వంగి అద్దంలోంచి చూస్తే డాష్‌బోర్డు రెండు చివర్లా రెండు చిన్న చేతి పిడులు కనిపిస్తాయి. ఎడమ పిడి ఎడమ దీపానికి, కుడి పిడి కుడి దీపానికి. చీకటి పడితే డ్రైవరు తన వైపు పిడిని తిప్పి ఒక దీపాన్ని బయటికి తీయాలి. రెండోదానికి ఒళ్లంతా సాచాలి, లేదా పక్క సీట్లో ఉన్నవాళ్లను బతిమాలుకోవాలి. మోటారు లేదు, వైరింగ్ గోల లేదు. ఆ సాదాతనం నాకు చాలా నచ్చింది. 810, దాని తర్వాతి 812 కలిపి మూడు వేలకు లోపే తయారయ్యాయి. 1937లో కంపెనీ కార్ల తయారీ ఆగిపోయింది. 1951లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఎనిమిది కార్లను కళాఖండాలుగా ఎంచి ప్రదర్శిస్తే, వాటిలో కార్డ్ 812 ఒకటి.

దీపాలు దాచడం కార్డ్‌తో మొదలైంది నిజమే. ఒక మనిషి అభిరుచి అది. 1938లో జనరల్ మోటార్స్ తరఫున హార్లీ ఎర్ల్ చేసిన బ్యూయిక్ వై-జాబ్ అనే ప్రయోగాత్మక కారులో కరెంటుతో నడిచే దాపుడు దీపాలు వచ్చాయి. 1942 డిసోటోలో మూతలు పెట్టారు గాని, ఆ ఏడాది మొదట్లోనే యుద్ధం వల్ల అమెరికాలో మామూలు కార్ల తయారీ ఆపేశారు. అక్కడితో ఆ ముచ్చట ముగిసింది. అభిరుచి ఒక్కటే కారణమైతే ఈ దీపాల కథ బహుశా అక్కడే ఆగిపోయేది. మళ్లీ ఊపిరి పోసింది చట్టం.

1930లలో హెడ్‌లైట్ల లోపలికి దుమ్ము, తేమ చేరి వెనకున్న అద్దం మసకబారిపోయేది. కొన్నేళ్లకే వెలుగు బాగా తగ్గిపోయేది. దానికి విరుగుడుగా సీల్డ్ బీమ్ వచ్చింది. గాజు, అద్దం, ఫిలమెంటు మూడూ కలిపి గాలి చొరబడకుండా మూసేసిన ఒకే దీపం. 1940 నుంచి అమెరికాలో ప్రతి కారుకూ అలాంటి 7 అంగుళాల గుండ్రటి దీపాలు రెండు ఉండాలన్నారు. ఏ కంపెనీ కారైనా, ఎంత ఖరీదైన కారైనా అదే దీపం. 1950ల చివర్లో చిన్న సైజు గుండ్రటి దీపాలు నాలుగు పెట్టుకునే వీలొచ్చింది, 1970ల నడుమ దీర్ఘచతురస్రపు దీపాలు వచ్చాయి. అయినా సూత్రం మారలేదు: ప్రభుత్వం ఒప్పుకున్న కొలతల్లోంచే ఒకటి ఎంచుకోవాలి. 1968 నుంచి దేశమంతటికీ ఒకే ప్రమాణం వర్తించింది. దాని ప్రకారం వెలుగుతున్న దీపం ముందు విడిగా గాజు కప్పు ఉండకూడదు, దీపం నేలకు నిర్ణయించిన కనీస ఎత్తుకు తగ్గకుండా ఉండాలి.

ఇప్పుడు ఒక డిజైనర్ స్థానంలో ఉండి ఆలోచించండి. గాలిని చీల్చుకుపోయే పల్చటి ముక్కు కావాలి. కానీ పళ్లెమంత గుండ్రటి దీపం నిటారుగా, ఫలానా ఎత్తులో, కప్పు లేకుండా నిలబడాలి. ఆ రెండూ ఒకచోట ఇమడవు. అయితే చట్టం పట్టించుకునేది వెలిగే దీపాన్నే, ఆరి ఉన్న దీపాన్ని కాదు. వెలిగేటప్పుడు పైకి లేపి, ఆర్పినప్పుడు పడుకోబెడితే చట్టమూ నెగ్గుతుంది, ముక్కూ పల్చగా ఉంటుంది. యతి ప్రాసల కట్టడి ఉన్నందువల్లే పద్యంలో కవి మామూలుగా తట్టని మాట కోసం వెతుక్కుంటాడు. ఈ డిజైనర్లు చేసింది కూడా అలాంటి పనే.

దీనికి యూరప్ కార్లే గట్టి సాక్ష్యం. ఫెరారీ 365 జీటీబీ/4, అందరూ డేటోనా అని పిలిచేది, 1968లో వచ్చినప్పుడు దాని దీపాలు ముక్కు పొడవునా పరిచిన పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ వెనక ఉండేవి. ఎంతో అందమైన ముఖం. అమెరికా ఒప్పుకోలేదు. 1971 నుంచి అదే కారుకు పైకి లేచే దీపాలు వచ్చాయి. జాగ్వార్ ఈ-టైప్ అమెరికా చట్టం కారణంగానే తన గాజు కప్పులను పోగొట్టుకుంది. సిత్రోయెన్ ఎస్‌ఎమ్ పరిస్థితి ఇంకా అన్యాయం. ఫ్రాన్స్‌లో దానికి గాజు వెనక ఆరు దీపాలు, వాటిలో రెండు స్టీరింగ్ ఎటు తిరిగితే అటు తిరిగేవి. అమెరికాలో అమ్మినదానికి నాలుగు మామూలు గుండ్రటి దీపాలు తగిలించి పంపారు. 1967 టొయోటా 2000జీటీలో అద్దాల వెనక పెద్ద దీపాలు కనిపిస్తాయి, కానీ ఎత్తు నిబంధన కోసం హెడ్‌లైట్లు వేరుగా బానెట్‌లోంచి లేస్తాయి.

నియమం ఒకటే అయినా ఎవరి పరిష్కారం వాళ్లది. 1962 లోటస్ ఎలాన్‌లో దీపాలను లేపేది ఇంజన్ గాలి పీల్చేటప్పుడు ఏర్పడే శూన్యం. ఆ శూన్యాన్ని నిలవ ఉంచే డబ్బా కోసం విడిగా చోటు వెతక్కుండా, ఛాసిస్ ముందు అడ్డకమ్మీ లోపలి ఖాళీనే వాడుకున్నారు. 1963 కార్వెట్‌లో ఎలక్ట్రిక్ మోటార్లు దీపాలను దొర్లించేవి. ఓపెల్ జీటీలో సీటు పక్కన లీవర్ ఉంటుంది. దాన్ని గట్టిగా తోస్తే రెండు దీపాలూ ఒకే వైపుకు దొర్లుతూ బయటికి వస్తాయి. లాంబోర్గినీ మియురాలో అవి దాక్కోవు, ఆకాశం చూస్తూ పడుకుని ఉంటాయి. వెలిగించినప్పుడు కాస్త తల ఎత్తుతాయి. అంత ఖరీదైన కారులో ఆ దీపాలు ఎక్కడివనుకున్నారు? చవకైన ఫియట్ 850 స్పైడర్‌వి. పోర్ష 928 కూడా అదే పడక పద్ధతి. ఇక 1970ల నుంచి అంతా సూదిమొన యుగం: లాంబోర్గినీ కౌంటాష్, ఫియట్ ఎక్స్1/9, ట్రయంఫ్ టీఆర్7, లోటస్ ఎస్ప్రీ, మాజ్డా ఆర్‌ఎక్స్-7. 1980లకు వచ్చేసరికి హోండా అకార్డ్ లాంటి కుటుంబ కారుకు కూడా ఇవే దీపాలు.

1960లలో అమెరికాలో డాడ్జ్ చార్జర్, మెర్క్యురీ కూగర్, లింకన్ కాంటినెంటల్ మార్క్ 3 లాంటివి గ్రిల్ వెనక దీపాలు దాచాయి. అది చాలావరకు దర్జా కోసం. వాటి ముక్కులు పల్చగా ఏమీ లేవు. ఈ కోవను నేను పెద్దగా ప్రేమించను.

నా గరాజ్‌లో 1992 నాటి మాజ్డా మియాటా ఉంది. స్విచ్ వేస్తే రెండు మోటార్లు ఒక్కసారిగా గుయ్‌మంటాయి. క్షణంలో రెండు దీపాలూ నిలబడతాయి. మా వీధిలో పిల్లలు "అంకుల్, లైట్స్" అని అడిగి మరీ లేపించుకుంటారు. దీపం వెలగకుండా మూతలు మాత్రమే లేపే బటన్ కూడా డాష్ మీద ఉంది. అది ఎందుకో మిషిగన్ చలికాలం బాగా నేర్పిస్తుంది. వాన పడి రాత్రి గడ్డకడితే మూతల అంచులు బానెట్‌కు అతుక్కుపోతాయి. మంచు పడే సూచన ఉంటే దీపాలు ముందే లేపి ఉంచి పడుకోవాలి. మొరాయించినా దారుంది. ఫ్యూజు తీసేసి, బానెట్ ఎత్తి, మోటారు మీది రబ్బరు టోపీ పీకితే లోపల చిన్న గుండ్రటి పిడి ఉంటుంది. వేళ్లతో తిప్పుతూ పోతే మూత నెమ్మదిగా పైకి వస్తుంది. యంత్రం చేసే పనిని మనిషి కూడా చేసుకునేలా వదిలిపెట్టారు.

ఇక దీపం. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం స్క్రూలు, లోపలి ఇనుప రింగు స్క్రూలు విప్పితే గుండ్రటి గాజు దీపం చేతిలోకి వస్తుంది. వెనక మూడు పిన్నుల సాకెట్ లాగి కొత్తదానికి గుచ్చడమే. ఊళ్లో ఏ స్పేర్ పార్ట్స్ షాపుకు వెళ్లినా ఇరవై డాలర్ల లోపు దొరుకుతుంది. మొదటిసారి దాన్ని చేత్తో పట్టుకున్నప్పుడు నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. మా నాన్నగారి అంబాసిడర్ హెడ్‌లైట్‌ది అదే 7 అంగుళాల కొలత. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌దీ అంతే. విజయవాడ ఆటోనగర్‌లో టీ తాగేలోపు మార్చి పంపేవాళ్లు. ఖరీదైన స్పోర్ట్స్ కారుకూ, ఆటోనగర్ మెకానిక్ చేతికీ ఒకే కొలత దీపం అందడం ఆ పాత నియమాల పుణ్యమే. ఈ సంగతి ఎవరూ చెప్పుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మరి ఇవి ఎలా పోయాయి?

1970ల ఇంధన సంక్షోభం తర్వాత ప్రతి కారు మైలేజీ లెక్కలోకి వచ్చింది. పైకి లేచిన దీపాలు గాలికి అడ్డం. కదలని దీపాలైతే నిటారుగా నిలబడి అడ్డం. ముక్కు వంపులోనే కలిసిపోయే దీపం కావాలని ఫోర్డ్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. 1983లో అమెరికా ఒప్పుకుంది: బల్బు మాత్రం ప్రమాణం ప్రకారం ఉండాలి, బయటి ఆకారం కంపెనీ ఇష్టం, గాజు బదులు ప్లాస్టిక్ కూడా వాడుకోవచ్చు. 1984 మోడల్ లింకన్ మార్క్ 7 అలాంటి దీపంతో అమెరికాలో వచ్చిన మొదటి కారు. ఆ అనుమతితో దీపాన్ని దాచాల్సిన అసలు కారణం పోయింది. తర్వాత ప్రొజెక్టర్లు, జినాన్ దీపాలు వచ్చి, గుప్పెడంత గాజులోంచే చాలినంత వెలుగు తీయడం సాధ్యమైంది.

ఇక తేదీలు చూడండి. 1989లో వచ్చిన నిసాన్ 300జడ్ఎక్స్ బాగా వాలిన ముక్కులోనే కదలని దీపాలను ఇమిడ్చింది. టొయోటా సుప్రా 1993లో పాప్-అప్‌లు వదిలేసింది. మాజ్డా మియాటా 1998లో, ఫెరారీ 360 మోడెనా 1999లో. అదే 1999లో లాంబోర్గినీ డయాబ్లో తన పాప్-అప్‌లు తీసేసి ఆ నిసాన్ 300జడ్ఎక్స్ దీపాలనే తెచ్చి అమర్చుకుంది. హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ 2002లో మారింది. పాదచారుల రక్షణ కోసం యూరప్ తెచ్చిన ఆదేశం 2003 నాటిది, కొత్త మోడళ్లకు వర్తించింది 2005 నుంచి. అప్పటికి ఈ వరసలో మిగిలినవి రెండే: లోటస్ ఎస్ప్రీ, అయిదో తరం కార్వెట్. రెండూ 2004తో ఆగిపోయాయి. అందులో కార్వెట్ సొంత దేశం అమెరికా. అక్కడ కారు ముందు భాగం పాదచారి తలకు ఎంత మెత్తగా తగలాలో చెప్పే ప్రమాణాన్ని ప్రభుత్వం ప్రతిపాదించిందే 2024 సెప్టెంబరులో.

నిషేధం మాటకొస్తే, నిబంధనల పుస్తకాలే దాన్ని ఖండిస్తాయి. వాహనాల దీపాలకు అమెరికా పెట్టిన ప్రమాణం 108లో దీపాలు దాచే యంత్రాల గురించి ప్రత్యేక భాగం ఉంది. స్విచ్ వేసిన 3 సెకన్లలో అవి పూర్తిగా తెరుచుకోవాలని అందులో రాశారు. ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన హెడ్‌లైట్లను, ముందువైపు ఫాగ్ ల్యాంపులను వాడనప్పుడు దాచుకోవచ్చని అనుమతిస్తూ, యంత్రం చెడిపోతే పనిముట్లు లేకుండా చేత్తో సరిచేసుకునేలా ఉండాలంటుంది. నా మియాటాలోని ఆ చిన్న పిడి లాంటిదే వాళ్లు అడుగుతున్నది.

పాదచారుల రక్షణ నిబంధనలకు ఇందులో ఏ పాత్రా లేదని నేను అనను. కొత్తగా ఎవరైనా పాప్-అప్ తేవాలంటే తల తగిలే పరీక్షలు నెగ్గాలి, అది చాలా ఖర్చు. వెళ్లిపోయినవాటిని తిరిగి రానివ్వని తలుపు అది. వెళ్లగొట్టింది మాత్రం అది కాదు. నిజం చెప్పాలంటే పగటి దీపాల నియమమే ఇంకా పెద్ద దెబ్బ. స్వీడన్ 1977లో, కెనడా 1989 డిసెంబరు నుంచి కొత్త కార్లకు, యూరప్ 2011 ఫిబ్రవరి నుంచి కొత్త మోడళ్లకు పగలూ దీపాలు వెలగాలన్నాయి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటోంది. ఎదుటివాడికి కనబడటానికి దీపం అన్న ఆలోచన అది, నేను దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. రోజంతా వెలిగే దీపాన్ని దాచడంలో అర్థం లేదు. మన హైవేల మీద పట్టపగలు కూడా డిప్పర్ కొట్టకుండా ఎవరినీ దాటలేం. మూత లేచేదాకా ఆగి డిప్పర్ కొట్టే కారు అక్కడ పనికిరాదు. ఫెరారీ ఎఫ్40 వాళ్లకు ఈ చిక్కు ముందే తెలుసు, పాప్-అప్‌ల కిందే కదలని దీపాలు కూడా పెట్టారు.

కాబట్టి పాప్-అప్‌లు తిరిగి రావాలని నేను అడగడం లేదు. ఆ పాత నియమంతో పాటు ఏమేం పోగొట్టుకున్నామో లెక్క వేద్దామంటున్నాను.

మొదటిది, ఒకే కొలత. హెడ్‌లైట్ ఆకారం కంపెనీ ఇష్టమైన నాటి నుంచి ప్రతి మోడల్ దీపం దానికే ప్రత్యేకం. ఎల్‌ఈడీలు వచ్చాక బల్బు కూడా విడిగా లేదు. వెలుగు, సర్క్యూట్, గాజు స్థానంలోని పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్, అన్నీ కలిపి ఒకే డబ్బా. హైదరాబాద్‌లో నా స్నేహితుడి కారుకు కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఒక ఆటో రాసుకుంది. హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంది, మూల మాత్రం చిట్లింది. సర్వీస్ సెంటర్ వాళ్లు మొత్తం యూనిట్ మార్చాల్సిందే అన్నారు. రెండు నెలల ఇంటద్దె అంత బిల్లు. "లోపల వెలుగుతోందిరా, పైపెంకు కోసం ఇంత డబ్బా?" అని వాడు ఫోన్‌లో అడిగితే నా దగ్గర జవాబు లేదు. పైపెంకు విడిగా అమ్మకపోతే ఎవరైనా ఏం చేస్తారు? పైగా పాలికార్బొనేట్ ఎండకు పచ్చబడి మసకేస్తుంది. ముప్పై ఏళ్లు దాటిన నా మియాటా దీపం ఎండ ఎరగదు, పైగా అది గాజు.

రెండోది, వెలుగు. ఇంత స్వేచ్ఛ వచ్చాక దీపాలు గొప్పగా మెరుగుపడి ఉండాలి కదా. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే హైవే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2016లో మొదటిసారి 31 మధ్యస్థాయి కార్ల హెడ్‌లైట్లను పరీక్షిస్తే, మంచి రేటింగ్ తెచ్చుకున్నది ఒక్కటే: టొయోటా ప్రియస్ వి. మిగతావి దారి సరిగా చూపించలేదు, లేదా ఎదుటివాడి కళ్లలో కొట్టాయి. ఆ పరీక్షల ఒత్తిడితో తర్వాత చాలా కార్లు బాగుపడ్డాయి. ఎదురుగా వచ్చే బండి ఉన్నంత మేర మాత్రమే వెలుగు తగ్గించే దీపాలను అమెరికా 2022లో అనుమతించింది. నాకు సంతోషమే. కానీ గమనించండి, బాగుపడింది ఎవరో కొలిచి నిలదీశాక. ఆకారం మీద స్వేచ్ఛ ఇచ్చిన ముప్పై ఏళ్లలో కంపెనీలు ఎక్కువగా శ్రద్ధ పెట్టింది దూరం నుంచి గుర్తుపట్టేలా ఉండటం మీదే.

మూడోది ముఖం. పాప్-అప్ కారుకు పగలు కోపం లేదు, చిరునవ్వూ లేదు. ఆకారం తప్ప ఇంకేమీ లేదు. ఇవాళ్టి కార్లలో సగం వెనక అద్దంలో కనిపిస్తే కనుబొమలు ముడిచి మీదికి వస్తున్నట్టే ఉంటాయి. నాకు ఇది చిన్న విషయం కాదు. రోజూ గంటల తరబడి రోడ్డు మీద ఉండేవాళ్లం. చుట్టూ ఉన్న యంత్రాలన్నీ మన మీద కసురుకుంటున్నట్టు కనిపించడం మనసు మీద పని చేయదా?

ఇందులో ఇంకో విచిత్రం మన దగ్గరే జరుగుతోంది. 2019లో వచ్చిన టాటా హారియర్, ఎంజీ హెక్టర్, హ్యుందాయ్ వెన్యూ చూడండి. పైన కన్నులా కనిపించేది పగటి దీపం. దారి చూపే అసలు హెడ్‌లైట్ కింద బంపర్‌లో ఉంటుంది. అంటే హెడ్‌లైట్‌ను మళ్లీ దాస్తున్నారు, ఈసారి మూత లేకుండా, మన చూపు పైకి లాగి. పల్చటి ముఖం కావాలి, పెద్ద దీపం కనపడకూడదు: 1960లలో డిజైనర్లు ఏం కోరుకున్నారో ఇప్పుడూ అదే. కాకపోతే అప్పుడు దీపాన్ని రాళ్లకు, దెబ్బలకు అందకుండా లోపల పడుకోబెట్టారు. ఇప్పుడు ట్రాఫిక్‌లో మొదట దెబ్బ తగిలే చోట పెట్టారు. 2023లో మాజ్డా టోక్యోలో చూపించిన ఐకానిక్ ఎస్‌పీ కాన్సెప్ట్ కారులో దీపాలు దాక్కుంటాయి. అందరూ మురిసిపోయారు, నేనూ మురిశాను. అది షోరూమ్‌దాకా వచ్చినా రాకపోయినా, హారియర్ నడిపేవాడి బిల్లు తగ్గదు.

అందుకే నేను అడిగేది ఆకారం గురించి కాదు. ప్రభుత్వం ఒకప్పుడు దీపం కొలత శాసించగలిగింది. ఇప్పుడు అంత వద్దు. హెడ్‌లైట్ బయటి పెంకు, లోపలి వెలుగు, సర్క్యూట్ మూడూ విడివిడిగా విప్పేలా ఉండాలని, విడివిడిగా అమ్మాలని శాసిస్తే చాలు. యూరోపియన్ యూనియన్ 2024లో డిజైన్ హక్కుల చట్టాన్ని సవరించి, పాడైన కారును పూర్వ రూపానికి తెచ్చే విడిభాగాలను ఇతర కంపెనీలు కూడా తయారు చేసి అమ్ముకునేందుకు దారి తెరిచింది. సభ్యదేశాలకు కొన్నేళ్ల గడువు ఇచ్చింది. మన దగ్గర 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ కారు గుద్దుకుంటే లోపలివాళ్లు ఎంత క్షేమమో నక్షత్రాల్లో చెబుతోంది. దాని పక్కనే, ఒక హెడ్‌లైట్ మార్చడానికి ఎంతవుతుందో కూడా ప్రతి మోడల్‌కూ కారు కొనేముందే రాసి చూపించమని కంపెనీలను అడగొచ్చు. ఒక్క గీత, ఒక్క అంకె. ఆ అంకె పక్కపక్కన కనిపించిన రోజున డిజైనర్లు తమంతట తామే ఆటోనగర్ మెకానిక్‌ను మనసులో పెట్టుకుని గీతలు గీయడం మొదలుపెడతారని నా నమ్మకం.